నాన్న వేషానికి మనిషి

భుజాల దగ్గర బుట్టలా పొంగిన పసుపు పూల చొక్కా వేసుకుని గనిస్ గదిలోకి అడుగుపెట్టగానే సెసిల్ కెవ్వుమని అరిచింది.

"ఎక్కడ దొరికిందే ఇది? అచ్చం ఎనభైల నాటిది! కుట్టు చూడు, బొత్తాలు చూడు!"

కాలేజీ క్యాంటీన్ వెనక గదిలో ఆ బృందం కూర్చోవడం అదే మొదటిసారి. చివరి ఏడాది పిల్లలందరూ ఒక్కో పాటకి వీడియో తీసి చూపించాలి. వీళ్ళు తీసుకున్నది సీనియర్ల బ్యాండ్ కట్టిన పాట, 'వాన వెలిశాక ఫోన్ చెయ్యి'. కట్టింది నిరుడే అయినా వింటుంటే అమ్మానాన్నల నాటి క్యాసెట్ తిరుగుతున్నట్టే ఉంటుంది. ఒక అమ్మాయి సాయంత్రం బస్సుకి ఇల్లు విడిచి వెళ్ళిపోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుంది, అంతే కథ. దర్శకుడు బ్రామ్. జకార్తాలో పళ్ళ డాక్టరు కొడుకు, బాండుంగ్‌లో గది తీసుకుని చదువుకుంటున్నాడు. బట్టలూ సామానూ చూసుకునేది సెసిల్. గనిస్ నాయిక. "నీది పాత క్యాసెట్ అట్ట మీద బొమ్మ మొహం" అన్నాడు బ్రామ్. అది పొగడ్తో కాదో తెలియకపోయినా గనిస్ మురిసిపోయింది.

ఆ చొక్కా గనిస్ వాళ్ళమ్మది. తన చెల్లెలి పెళ్ళికని ఆవిడ స్వయంగా కుట్టుకుంది. గనిస్ బడికెళ్ళే రోజుల్లోనే ఆవిడ పోయింది. కొత్తవి కొనే స్తోమత లేక గనిస్ ఆవిడ బట్టలే వేసుకు తిరుగుతుంది. పాటకి తగ్గట్టుగా ఏదో ఒకటి వేసుకు రమ్మంటే అందరూ వెతికి వెతికి కొనుక్కొచ్చారు. గనిస్ మాత్రం రోజూ వేసుకునేదే వేసుకొచ్చింది.

"గెదెబాగె పాతబట్టల సంతలో దొరికింది" అంది.

"నీ కన్నే కన్ను! నేను పొద్దుట్నుంచీ తిరిగినా ఇలాంటిది ఒక్కటి దొరకలేదు" అంది సెసిల్, ఆ చొక్కా చేతిని వేళ్ళతో నిమురుతూ.

అబద్ధం చెప్పినందుకు తప్పుగా అనిపించిన మాట నిజమే. కానీ వెంటనే తియ్యగా కూడా అనిపించింది. లేమిని చూసి జాలిపడే కళ్ళు ఆమెకి బాగా తెలుసు. అదే లేమిని చూసి అసూయపడే కళ్ళు చూడటం అదే మొదలు.

తర్వాతి సమావేశంలో షూటింగుకి కావాల్సిన ఇంటి సంగతి తేలలేదు. పాతకాలపు సామానుతో అలంకరించిన బంగళాలు అద్దెకిస్తారు గానీ ఆ అద్దె వీళ్ళు భరించలేరు. "ఇల్లు లేకపోతే ఈ పాటే వదిలేద్దాం" అని బ్రామ్ విసుక్కున్నాడు. నాయికగా తన పేరు రాసుకున్న కాగితం చెత్తబుట్టలోకి పోతున్నట్టు అనిపించింది గనిస్‌కి. ఫోను తీసి ఒక ఫోటో చూపించింది. ప్లాస్టిక్ తొడుగు తియ్యని సోఫా, చెక్కతలుపుల పెట్టెలో టీవీ, దాని మీద లేసు గుడ్డ, గుడ్డ మీద కాగితం గులాబీలు.

గది గోలగోల అయిపోయింది. "ఎవరిల్లు? ఎవరిది ఇది?"

'మాదే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో సెసిల్ ఫోటోని పెద్దది చేసి చూస్తూ, "నిజంగా ఇంకా ఇలా బతికేవాళ్ళున్నారా!" అంది. ఎగతాళి లేదు అందులో, వట్టి ఆశ్చర్యమే. ఆ ఆశ్చర్యమే గనిస్ నోరు నొక్కేసింది.

"తెలిసినాయనది" అంది. "ముసలాయన. ఒక్కడే ఉంటాడు."

*

గనిస్ తండ్రి దుదుంగ్ మాంసపుండల పులుసు అమ్మే బక్సో కొట్టు ముందు బండ్లు కాస్తాడు. నారింజరంగు కోటు, మెడలో విజిల్. వెనక్కి రా, రా, కుడికి కొట్టు, చాలు ఆపు. రోజంతా ఎండలోనూ వానలోనూ అదే పని. మాటకారి. కారు దిగినవాడు విసుగ్గా చిల్లర పడేసినా, "మీ బండి అందంగా ఉంది సార్, కాపలా కాస్తే నాకే పేరు" అని నవ్వించి పంపేస్తాడు.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు గనిస్ సంగతి ఎత్తింది.

"షూటింగా! మన ఇంట్లోనా!" దుదుంగ్ మొహం వెలిగిపోయింది. "మీ అమ్మ ఉంటేనా, గోడలకి సున్నం కొట్టించేదాకా నన్ను నిద్రపోనిచ్చేది కాదు."

"సున్నం వద్దు నాన్నా. ఇలాగే ఉండాలి. ఇంకోటి... ఇది మన ఇల్లని వాళ్ళకి తెలీదు."

"మరి ఎవరిదనుకుంటున్నారు?"

"ఒకాయనది."

"ఆ ఒకాయన నేనేగా?"

"నువ్వే. కాకపోతే... నాకు ఏమీ కాని ఒకాయన."

దుదుంగ్ చెంబు కింద పెట్టాడు. పాదాల మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఎందుకని అడుగుతాడని గనిస్ కాచుకుంది. జవాబులు కూడా సిద్ధం చేసుకుంది. అతను అడగలేదు.

"అయితే నా ఇంటికి నన్నే యజమాని వేషం వెయ్యమంటావు" అని నవ్వాడు. "దానికేం, వేస్తాను. నిన్ను ఏమని పిలవను మరి?"

"పేరు పెట్టి వద్దు. మీరు అను."

"అలాగేనండీ, అమ్మాయిగారూ" అని వంగి దణ్ణం పెట్టాడు. ఆ నవ్వులాటతో ఆ రాత్రికి గనిస్ మనసు తేలికపడింది. నాన్న ఏమీ అనుకోలేదు అని తనకి తానే చెప్పుకుంది.

*

ఇల్లు చూడటానికి ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. గనిస్ పొద్దున్నే బయటికెళ్ళిపోయి పెద్దరోడ్డు మీద వాళ్ళని కలుసుకుని, తను కూడా ఎక్కణ్ణించో వస్తున్నదానిలా సందు మొదట్లోకి నడిచింది. రైలుపట్టాల వెనక సందు అది. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అంటుకుని నిలబడాల్సిందే.

సందు మొదట్లోనే ఇచీ పిన్ని మూకుడు పెట్టుకుని బాలాబాలాలు వేయిస్తోంది. క్యాబేజీ తురుము, పిండి, పక్కన పళ్ళెంలో పచ్చిమిరపకాయలు. అమ్మ పోయిన కొత్తలో గనిస్‌కి రోజూ జడ వేసింది ఆవిడే. పిన్ని ఎక్కడ నోరు జారుతుందోనని గనిస్ భయపడింది. కళ్ళతో సైగ చేద్దామనుకుంది.

ఆ అవసరమే రాలేదు. ఇచీ పిన్ని అట్లకాడ పైకెత్తి సూటిగా గనిస్ మొహంలోకే చూస్తూ, "ఎవరింటికమ్మా?" అంది.

గనిస్ చూపు పక్కకి తిప్పుకుంది. "దుదుంగ్ గారింటికి."

"ఓ, దుదుంగ్ గారింటికా! ముందుకెళ్ళి అడగండి, ఎవరైనా చెప్తారు. మురుక్కాలవ చూసుకుని నడవండి తల్లీ, మీకు అలవాటుండదు కదా!"

నాలుగడుగులు వేశాక పిట్టల పంజరం బాగుచేసుకుంటున్న ఓయో తాత తలెత్తాడు. "కొత్తవాళ్ళా? రండి రండి. మా సందుకి ఇంత పెద్ద చదువులవాళ్ళు ఎప్పుడూ రాలేదు" అన్నాడు. పక్కింటి చంటిది "గనిసక్కా" అని పరిగెత్తుకు రాబోతే, వాళ్ళమ్మ గుమ్మంలోంచి చెయ్యి చాపి లోపలికి లాగేసి తలుపు వేసేసింది.

అప్పుడు అర్థమైంది గనిస్‌కి. నాన్న ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు. మా పిల్ల స్నేహితులు వస్తున్నారు, మా పిల్ల ఎవరో తెలీనట్టు ఉండండి అని గుమ్మం గుమ్మంలో నిలబడి బతిమాలుకున్నాడు. ఏమని చెప్పి ఉంటాడు? వాళ్ళు ఎందుకని అడిగితే ఏం జవాబిచ్చి ఉంటాడు? భూమి చీలితే అందులోకి దూరిపోవాలనిపించింది. ఇద్దరి మధ్యే ఉంటుందనుకున్న సిగ్గు సందంతా పరుచుకుని ఉంది. దాని మీద నుంచే నడవాలి.

"ఎంత మంచివాళ్ళో ఇక్కడ జనం!" అంది సెసిల్.

దుదుంగ్ పెళ్ళిళ్ళకి వేసుకునే బాతిక్ చొక్కా తొడుక్కుని, తలకి నూనె రాసుకుని గుమ్మంలో ఎదురు నిలబడ్డాడు. ఒక్కొక్కరే వంగి పెద్దాయన చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకున్నారు. గనిస్ వంతు వచ్చింది. ఎప్పుడూ పెట్రోలు వాసన వేసే ఆ చేతికి ఆ రోజు సబ్బు వాసన వేసింది. ఆమె నుదురు తగిలీ తగలకముందే దుదుంగ్ చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

"రండి రండి, మీరూ లోపలికి రండి అమ్మాయిగారూ."

ఇల్లు తనదేనా అనిపించింది గనిస్‌కి. తన పరుపు లేదు, పుస్తకాలు లేవు, గోడకి తన బడి ఫోటో లేదు. దుదుంగ్ మాత్రం వేషంలో ఒదిగిపోయాడు. టీ పోశాడు, ఇచీ పిన్ని దగ్గర తెచ్చిన వేడివేడి బాలాబాలాలు పెట్టాడు, ఆ టీవీ ఎప్పుడు కొన్నదీ కథలు కథలుగా చెప్పాడు.

"పిల్లలు లేరా పాక్?" అనడిగింది సెసిల్, పెద్దవాళ్ళని పిలిచే మర్యాదతో.

"ఒకత్తే కూతురమ్మా. పెళ్ళయింది. సముద్రం అవతల కాలిమంతాన్‌లో ఉంటుంది."

"వచ్చి చూసి వెళ్తుంటుందా మిమ్మల్ని?"

"దాని పనులు దానికుంటాయి కదా" అన్నాడు దుదుంగ్ తేలిగ్గా. "మంచిపిల్లేలే."

గనిస్ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

సెసిల్ ఇల్లంతా కలియతిరిగింది. లేసు గుడ్డ ఎత్తి చూసింది, సోఫా ప్లాస్టిక్ నొక్కి చప్పుడు చేయించి పకపకా నవ్వింది. "బ్రామ్, మ్యూజియంలా లేదూ? ఒక్కరోజు ఇక్కడుంటే నాకు పిచ్చెక్కిపోతుంది బాబూ!" అంది గొంతు తగ్గించాననుకుంటూ. అంత చిన్న ఇంట్లో గొంతు ఎంత తగ్గిస్తే మాత్రం ఏం లాభం? దుదుంగ్ అందరికంటే ముందు నవ్వాడు. "నాకు ఎప్పుడో ఎక్కిందమ్మా, అందుకే తెలియట్లేదు" అన్నాడు.

అప్పుడు బ్రామ్‌కి ఒక ఆలోచన తట్టింది.

"పాక్, వీడియోలో మీరే నాన్న వేషం వెయ్యకూడదూ? మాటలేం ఉండవు. ఈమె మీ కూతురు. ఇల్లు వదిలి బస్సుకి వెళ్ళిపోతుంటుంది. మీరు గుమ్మంలో నిలబడి చూడాలి, అంతే. ఒకసారి చేసి చూద్దామా?"

దుదుంగ్ గనిస్ వైపు చూడబోయి మానుకున్నాడు. "నాకేం వచ్చు బాబూ" అంటూనే గుమ్మంలో నిలబడ్డాడు.

అంతసేపు గలగలా మాట్లాడిన మనిషి పాతిన గుంజలా బిగుసుకుపోయాడు. పోలీసు ముందు నిలబడ్డట్టు రెండు చేతులూ పక్కలకి అంటించేశాడు. "చెయ్యి కొంచెం ఎత్తండి పాక్, పిలవబోయి ఆగిపోయినట్టు" అన్నాడు బ్రామ్. దుదుంగ్ చెయ్యెత్తాడు. అరచెయ్యి ముందుకి చాపి, వెనక్కి వస్తున్న కారుని ఆపినట్టు. అందరూ నవ్వేశారు. గనిస్ కూడా నవ్వింది. నవ్వకపోతే తేడాగా ఉంటుందని నవ్వింది.

"ఇంకొక్కసారి. నేలకేసి కాదు పాక్, ఆమెని చూడండి."

గనిస్ సందులో నడిచి, చెప్పిన చోట వెనక్కి తిరిగింది. దుదుంగ్ ఆమెని చూశాడు. సరిగ్గా చేస్తున్నానా, ఇలా చూడొచ్చా, ఇది ఎక్కువైపోయిందా అని ఆ కళ్ళు ఆమెనే అడుగుతున్నాయి.

బ్రామ్ ఫోను దించేశాడు. గనిస్ దగ్గరికొచ్చి గుసగుసగా, "లాభం లేదు. కూతుర్ని చూసి భయపడే నాన్న ఎక్కడైనా ఉంటాడా?" అన్నాడు. తర్వాత గుమ్మం దగ్గరికెళ్ళి మర్యాదగా చెప్పాడు, "ఏమీ అనుకోకండి పాక్. ఇల్లు చాలు మాకు. నాన్న వేషానికి ఇంకెవరినైనా చూసుకుంటాం."

"నాకూ అదే అనిపించింది బాబూ" అన్నాడు దుదుంగ్. "పోలిక కూడా లేదు."

నిజం చెప్పడానికి ఆ ఒక్క క్షణం ఉంది గనిస్‌కి. ఇద్దరివీ ఒకే కనుబొమలు, ఒకే గడ్డం, చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అప్పుడు నోరు తెరిచి ఉంటే అంతా నవ్వులో కలిసిపోయేది. ఆమె తెరవలేదు. "వెళ్ళొస్తామండీ" అని అందరితోపాటు తన ఇంటికే వీడ్కోలు చెప్పి బయటికి నడిచింది.

బ్రామ్ కారులో ఎక్కి, మీ ఇల్లెక్కడ అంటే ఏదో వీధి పేరు చెప్పి దిగిపోయి, అక్కణ్ణించి కాళ్ళీడ్చుకుంటూ వెనక్కొచ్చింది. ఇచీ పిన్ని మూకుడు కడుగుతోంది.

"మళ్ళీ వచ్చారే? ఏమైనా మర్చిపోయారా?"

గనిస్ నవ్వబోయింది. పిన్ని నవ్వలేదు.

ఇంట్లో దుదుంగ్ ఓయో తాత దగ్గర దాచిన పరుపు మోసుకొచ్చి పరుస్తున్నాడు. "ఇంటాయన వేషం బాగానే కుదిరింది కదూ?" అన్నాడు తలెత్తకుండా. "ఆ రెండోదే చెడగొట్టాను. మీవాళ్ళకి నీ మీద కోపం రాలేదు కదా?"

గనిస్ ఆ పూట అన్నం ముట్టలేదు.

*

మర్నాటి సమావేశంలో, నాటకాల శాఖలో ఒక సీనియరున్నాడు, జుట్టుకి తెల్లపొడి కొడితే నాన్నలా సరిపోతాడు అన్నాడు బ్రామ్. గనిస్ వింటూ కూర్చుంది. తలకి తెల్లపొడి కొట్టుకున్నవాడెవడో తమ గుమ్మంలో నిలబడటం, నాన్న పక్కకి తప్పుకుని అతనికి దారివ్వడం కళ్ళముందు కనిపించింది.

"ఆయన మా నాన్న" అంది.

"ఎవరు?"

"నిన్నటాయన. అది మా ఇల్లు. ఈ చొక్కా మా అమ్మది. సంతలో కొనలేదు."

బ్రామ్ పెన్ను మూత పెట్టి తీసి పెట్టి తీసి కూర్చున్నాడు. సెసిల్ మొహం ముందు తెల్లబోయి, తర్వాత కందిపోయింది.

"మమ్మల్ని అంత నీచులమనుకున్నావా?"

"కాదు..."

"మరి? నేను ఆయన ముందే పిచ్చెక్కిపోతుంది అన్నాను. మ్యూజియం అన్నాను. నువ్వు పక్కనే కూర్చుని విన్నావు. ఒక్క మాట చెప్పి ఉంటే నేను నోరు మూసుకునేదాన్ని కదా! నీ సిగ్గు సరే. నన్నెందుకే దాంట్లోకి లాగావు?" సెసిల్ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

జాలిపడతారనో నవ్వుతారనో భయపడింది గానీ ఇలా అడుగుతారని గనిస్ అనుకోలేదు.

సెసిల్ ఆ సాయంత్రమే సందులో అడిగి తెలుసుకుని బక్సో కొట్టు ముందుకెళ్ళి దుదుంగ్ చెయ్యి పట్టుకుని క్షమించమందట. దుదుంగ్ కంగారుపడిపోయి, "నువ్వన్నది నిజమేనమ్మా, ఆ సోఫా మీద కూర్చుంటే నాకూ చెమటలే" అని, ఆమెని నవ్వించి, ఒక గిన్నెడు బక్సో తినిపించి పంపాడట. ఇదంతా గనిస్‌కి సెసిల్ చెప్పలేదు, నాన్నా చెప్పలేదు. బక్సో కొట్టాయన చెప్పాడు.

"ఇప్పుడు దాపరికం లేదు కాబట్టి ఆయనే బాగా చేస్తారు, అడిగి చూడు" అన్నాడు బ్రామ్. గనిస్ అడిగింది. కూతురు ఏదడిగినా ఊఁ అనే దుదుంగ్ మొదటిసారి అడ్డంగా తలూపాడు.

"వద్దు అమ్మలూ. తెలీనివాణ్ణని చెప్పినప్పుడే నాన్న వేషం రాలేదు. ఇప్పుడు నిజం నాన్ననని అందరికీ తెలిశాక అసలు రాదు. మీ వీడియో మీరు తీసుకోండి, నాకు ఆదివారం బండ్లెక్కువ." అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండును అనుకుంది గనిస్.

సందులో మాత్రం నాటకం ఆగలేదు. గనిస్ ఎదురైతే చాలు, "ఎవరికోసమమ్మా?" అంటుంది ఒకావిడ. "తోవ తప్పారా?" అంటుంది ఇంకొకావిడ. నీళ్ళ కుళాయి దగ్గర బిందె పక్కకి జరిపి, "ముందు మీరు పట్టుకోండి, అతిథులు కదా" అంటారు. షూటింగుకి సందులో ఆడవాళ్ళు నడుస్తూ, బట్టలారేస్తూ కనపడాలని బ్రామ్ అనేసరికి గనిస్‌కి తప్పలేదు. ముందుగా ఇచీ పిన్ని దగ్గరికెళ్ళింది. సాయంత్రం బేరం జోరుమీదుంది. నలుగురూ చుట్టూ ఉన్నారు.

"పిన్నీ, ఆదివారం మా వీడియోలో నువ్వు..."

"ఎవరమ్మా నువ్వు?"

"పిన్నీ!"

"మొహం చూసినట్టే ఉంది గానీ గుర్తు రావట్లేదు. ఎవరి తాలూకు?"

గనిస్ తల వంచుకుంది. "దుదుంగ్ కూతుర్ని."

"ఏ దుదుంగ్? ఆయన కూతురు కాలిమంతాన్‌లో ఉందటగా?"

"బక్సో కొట్టు ముందు బండ్లు కాసే దుదుంగ్. ఆయన కూతుర్ని."

"గట్టిగా చెప్పు తల్లీ, నూనె చప్పుడికి వినపడట్లేదు."

గనిస్ తలెత్తి, సందు అవతలి కొస దాకా వినపడేట్టు చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. బేరగాళ్ళు బాలాబాలాలు నోటి దగ్గర పెట్టుకుని కొరకడం మర్చిపోయారు. ఇచీ పిన్ని అట్లకాడ పక్కన పడేసి, పిండి చేతులతోనే ఆమె జుట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"గాడిదా! మీ నాన్న మా గుమ్మంలో నిలబడి ఆ మాట అడుగుతుంటే నా కడుపు తరుక్కుపోయింది తెలుసా? అప్పుడూ నవ్వుతూనే అడిగాడు ఆ పిచ్చిమనిషి." అట్లకాడ మళ్ళీ అందుకుని, "వస్తాలే నీ వీడియోకి. నా మూకుడు కూడా పడాలి అందులో" అంది.

*

ఆదివారం షూటింగు జరిగింది. నాటకాల సీనియరుని పిలవద్దని గనిస్ అంటే బ్రామ్ సరేనన్నాడు. గనిస్ సందులో నడిచి వెనక్కి తిరిగినప్పుడు గుమ్మంలో ఎవరూ లేరు. తెరిచిన తలుపు, లోపల సోఫా అంచు, అంతే. సెసిల్ పని వరకే మాట్లాడింది. మునుపటిలా మాట్లాడటానికి ఆమెకి చాలా రోజులు పట్టింది.

కాలేజీలో చూపించినప్పుడు ఆ ఖాళీ గుమ్మమే అందరికీ నచ్చింది. ఎవరినీ నిలబెట్టకపోవడం గొప్ప ఆలోచన అన్నారు మేష్టారు. ఎవరిది అనడిగితే బ్రామ్ గనిస్ వైపు చూశాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె చెవులు వేడెక్కిపోయాయి. అది ఆలోచన కాదని చెప్పాలనుకుంది, ఎలా చెప్పాలో తెలియక కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం తిన్నగా బక్సో కొట్టు దగ్గరికెళ్ళి ఫోను తండ్రి చేతిలో పెట్టింది. దుదుంగ్ విజిల్ నోట్లోంచి తీసి, ఎండ పడకుండా చేత్తో కప్పి పాటంతా చూశాడు. "ఇల్లు బాగా పడిందే!" అన్నాడు. గుమ్మం వచ్చినచోట ఏమీ అనలేదు. అయిపోయాక, "ఇంకోసారి పెట్టు" అన్నాడు.

రెండోసారి కొట్టాయనకి చూపించాడు. తర్వాత గిన్నెలు కడిగేవాడికి. తర్వాత అప్పుడే మెరిసే నల్లకారు దిగుతున్న ఎవరో పెద్దమనిషికి అడ్డంపడి, "ఒక్క నిమిషం సార్, ఇది చూడండి, మా అమ్మాయి సార్, ఇదిగో, ఈమే!" అని నారింజ కోటు చేత్తో గనిస్ భుజం పట్టుకుని ముందుకి తెచ్చాడు. ఆ పెద్దమనిషి ఫోను కేసి, కోటు కేసి, ఆమె కేసి మార్చి మార్చి చూశాడు.

గనిస్‌కి మొహమంతా మండిపోయింది. ఈ సిగ్గు నాన్న వల్లా, తన వల్లా అన్నది ఆమెకే తేలలేదు. అడుగు వెనక్కి వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. వంగి ఆ పెద్దమనిషికి నమస్కారం చేసి, పాట అయ్యేదాకా నాన్న పక్కనే నిలబడింది.